ఉపకారమా, వేతనమా?

స్కాలర్‌షిప్‌ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన పేరు ఉపకార వేతనం. ఈ పేరును ఎవరు కూర్చారో గాని, అందులోని రెండు మాటల మధ్యనే నేడు దేశంలోని పరిశోధక విద్యార్థుల బతుకు నలిగిపోతోంది. తాము చేస్తున్నది పని గనుక తమకు అందేది వేతనమని వారు భావిస్తున్నారు. ఏలినవారు మాత్రం తాము ఇస్తున్నది ఉపకారమేనన్న ధోరణిలో వ్యవహరిస్తున్నారు. ఉపకారానికి నియమిత తేదీ ఉండదు, నిర్ణీత పరిమాణం ఉండదు, ఎందుకు ఆగిందని నిలదీసే హక్కూ ఉండదు. వేతనానికి ఈ మూడూ ఉంటాయి. విశ్వవిద్యాలయాలలో పరిశోధన గావిస్తున్న యువతీయువకులకు ప్రభుత్వం ఇచ్చే భృతి ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో తేల్చుకోకుండా, దేశాన్ని విజ్ఞాన రంగంలో అగ్రగామిగా నిలుపుతామని చేసే ప్రతిజ్ఞలన్నీ వట్టి మాటలుగానే మిగిలిపోతాయి.

పరిశోధన పట్ల యువతరంలో ఆసక్తి సన్నగిల్లిందని అనడానికి వీల్లేదు. 2014-15లో దేశవ్యాప్తంగా పీహెచ్‌డీలో చేరి ఉన్నవారు 1.17 లక్షల మంది కాగా, 2021-22 నాటికి ఆ సంఖ్య 2.12 లక్షలకు పెరిగినట్లు అఖిల భారత ఉన్నత విద్యా సర్వే వెల్లడించింది. వీరిలో సుమారు 99 వేల మంది మహిళలే కావడం విశేషం. తల్లిదండ్రులు అక్షరం ముక్క నేర్వని ఇళ్ల నుంచి, కూలినాలి చేసుకునే కుటుంబాల నుంచి సైతం పిల్లలు విశ్వవిద్యాలయాల పరిశోధనశాలల దాకా నడిచి వస్తున్నారంటే అది స్వతంత్ర భారతం సాధించిన విజయాలలో ఒకటి. అయితే ద్వారం దాకా వచ్చినవారు లోపల నిలదొక్కుకునే వీలు కల్పించవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు లభిస్తున్న సమాధానం ఏమంత ఆశాజనకంగా లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం(యుజిసి), శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వంటి సంస్థలు నిర్వహించే జాతీయ అర్హత పరీక్షలలో పై వరుసలో నిలిచినవారికి జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌ లభిస్తుంది. 2023 జనవరి నుంచి వర్తించేలా సవరించిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపై సీనియర్‌ ఫెలోగా 42 వేల రూపాయలు ఇస్తారు. హాస్టల్‌ వసతి దొరకనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. ఇది ఎంతమందికి దక్కుతోందన్నదే అసలు ప్రశ్న. 2024 జూన్‌లో జరిగిన యుజిసి నెట్‌ మరునాడే రద్దయి, ఆగస్టు, సెప్టెంబరులలో తిరిగి జరిగింది. ఆ పరీక్షకు 6.84 లక్షల మంది హాజరైతే ఫెలోషిప్‌కు అర్హత పొందినవారు 4,970 మంది. అంటే వెయ్యి మందిలో ఏడుగురు! మిగిలినవారిలో ప్రతిభ లేదని ఏ ఆచార్యుడూ అనలేడు. వారిలో వేలమంది పీహెచ్‌డీలో చేరుతూనే ఉన్నారు. చేరాక ఎలా బతకాలన్నదే వారిని వేధించే సమస్య.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో చేరినవారికి నాన్‌-నెట్‌ ఫెలోషిప్‌ పేరిట కొంత ఊరట ఉన్నది. దాని మొత్తం నెలకు ఎనిమిది వేల రూపాయలు. రోజుకు లెక్క వేస్తే 266 రూపాయలు. 2025-26 సంవత్సరానికి ఉభయ తెలుగు రాష్ట్రాలలో జాతీయ ఉపాధి హామీ పథకం కింద ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు! కూలి చేసే చేతులను తక్కువ చేయడానికి కాదు ఈ పోలిక. పదిహేడు, పద్దెనిమిదేళ్లు చదివి, ప్రవేశ పరీక్షలు నెగ్గి, దేశానికి కొత్త జ్ఞానాన్ని అందించేందుకు సిద్ధపడిన మనిషికి ప్రభుత్వం కడుతున్న విలువ ఎంతో చూపడానికే. ఆ ఎనిమిది వేలలోనే భోజనశాల బిల్లు కట్టాలి, క్షేత్ర పర్యటనలకు వెళ్లాలి, సదస్సుకు రైలు టికెట్టు కొనాలి, ఊళ్లో ఉన్న తల్లికి మందులకు పంపాలి. 2015లోనూ ఇదే అంకె. ఆ తర్వాత పదేళ్లు గడిచినా అది అక్కడే పాతుకుపోయింది. బియ్యం ధర ఆగలేదు, బస్సు చార్జీ ఆగలేదు, ఇంటి అద్దె ఆగలేదు.

ఇదే విశ్వవిద్యాలయాల ఆవరణలో మరో దృశ్యమూ కానవస్తుంది. 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్‌ కింద ఎంపికైనవారికి మొదటి రెండేళ్లు నెలకు 70 వేలు, మూడో ఏడు 75 వేలు, ఆపై 80 వేల రూపాయలు అందుతాయి. దానికి తోడు ఏటా రెండు లక్షల పరిశోధన గ్రాంటు. మేధావులు విదేశాలకు తరలిపోకుండా ఆపేందుకు తలపెట్టిన ఈ పథకం ముదావహమే. వచ్చే అయిదేళ్లలో పదివేల ఫెలోషిప్పులు ఇస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించడమూ హర్షణీయమే. అయితే ఇది శాస్త్ర, సాంకేతిక విభాగాలకు, ఎంపిక చేసిన సంస్థలకు పరిమితం. చరిత్ర, భాషాశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం వంటి రంగాలలో శ్రమిస్తున్నవారికి ఆ తలుపు తెరుచుకోదు. ఒకే ప్రాంగణంలో, ఒకే గ్రంథాలయంలో పక్కపక్కనే కూర్చునే ఇద్దరు పరిశోధకులలో ఒకరికి 70 వేలు, మరొకరికి ఎనిమిది వేలు. దాదాపు తొమ్మిది రెట్ల ఈ వ్యత్యాసాన్ని ప్రతిభలోని తేడాతో సమర్థించడం ఎవరి తరమూ కాదు.

ఆ ఎనిమిది వేలను సైతం నిలబెట్టుకోవడానికి విద్యార్థులు వీధికెక్కవలసి వచ్చింది. 2015 అక్టోబరులో నాన్‌-నెట్‌ ఫెలోషిప్‌ను ఎత్తివేయాలని యుజిసి నిర్ణయించగానే ఢిల్లీలోని సంఘ కార్యాలయం ఎదుట పరిశోధకులు బైఠాయించారు. లాఠీలు విరిగాయి, అరెస్టులు జరిగాయి, చలికాలమంతా ఆందోళన సాగింది. చివరకు కేంద్రం సమీక్ష సంఘాన్ని వేసి, భృతిని కొనసాగించక తప్పలేదు. జూనియర్‌ ఫెలోషిప్‌ పెంపుదల చరిత్రా ఇందుకు భిన్నం కాదు. 2014లో 25 వేలు, 2019లో 31 వేలు, 2023లో 37 వేలు. నాలుగైదేళ్లకోసారి పరిశోధకులు ప్రదర్శనలు జరిపి, వినతిపత్రాలు సమర్పించి, సామాజిక మాధ్యమాలలో మొత్తుకుంటే గాని అంకె కదలడం లేదు. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఇంట్లో చెల్లుతుందేమో గాని, ప్రభుత్వ విధానానికి అది పునాది కాజాలదు. ప్రభుత్వోద్యోగుల కరవు భత్యాన్ని ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి సవరిస్తారు. ధరలు ఉద్యోగికి పెరిగి పరిశోధకుడికి పెరగకుండా ఉంటాయా?

మంజూరైన సొమ్ము చేతికందడం మరో ప్రహసనం. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలన్న చందంగా, యుజిసి ఫెలోషిప్‌ లభించిన విద్యార్థి హాజరును విశ్వవిద్యాలయం నెలనెలా ధ్రువీకరించి కెనరా బ్యాంకు పోర్టల్‌లో నమోదు చేయాలి. పర్యవేక్షక ఆచార్యుడి సంతకం, విభాగాధిపతి సంతకం, కార్యాలయ గుమాస్తా నమోదు, పై అధికారి ఆమోదం... ఈ గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా ఆ నెల సొమ్ము ఆగిపోయినట్లే. రెండేళ్లు నిండాక సీనియర్‌ ఫెలోగా మారడానికి నిపుణుల సంఘం సమావేశం కావాలి. ఆ సంఘం కూర్చునే దాకా పెరిగిన మొత్తం దక్కదు. 2025లో కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్‌ ఫెలోషిప్‌ పొందినవారు నెలల తరబడి చిల్లిగవ్వ అందక గగ్గోలు పెట్టారు. నిధుల విడుదల పద్ధతిని మార్చడమే జాప్యానికి కారణమని అధికారులు వివరణ ఇచ్చారు. పద్ధతి మారినంత మాత్రాన ఆ శాఖ ఉద్యోగుల జీతాలు ఆరు నెలలు ఆగి ఉండేవా అన్న ప్రశ్నకు మాత్రం ఎక్కడా సమాధానం లేదు.

ఈ జాప్యం పర్యవసానాలు తెలుగువారికి కొత్త కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తనువు చాలించిన పరిశోధక విద్యార్థి రోహిత్‌ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్‌ కింద రావలసిన లక్షా 75 వేల రూపాయలు తన కుటుంబానికి అందేలా చూడాలని చివరి లేఖలో కోరాడు. అందులోంచి ఒక మిత్రుడికి బాకీ ఉన్న సుమారు 40 వేలు చెల్లించాలని కూడా రాశాడు. ఆ మరణానికి దారితీసిన పరిస్థితులు వేరు, వాటిపై ఏళ్ల తరబడి సాగిన వివాదం వేరు. ఆ వివాదంలో ఎవరు ఏ పక్షాన నిలిచినా, ఆ లేఖలోని లెక్క మాత్రం ఎవరూ కాదనలేనిది. ప్రభుత్వం నెలనెలా ఇవ్వవలసిన 25 వేలు ఏడు నెలలు అందకపోతే పరిశోధకుడు తోటి విద్యార్థి వద్ద చేయి చాచవలసి వస్తుంది. ప్రతి విశ్వవిద్యాలయ హాస్టల్‌లోనూ ఇలాంటి అప్పుల చిట్టాలు కనిపిస్తాయి. భోజనశాల నిర్వాహకుడి ఖాతా పుస్తకం తిరగేస్తే చాలు, ఏ నెలలో ఫెలోషిప్‌ ఆగిందో ఇట్టే తెలిసిపోతుంది.

బడుగు వర్గాల కోసం ఉద్దేశించిన ప్రత్యేక ఫెలోషిప్పుల సంగతీ ఇంతే. షెడ్యూల్డు కులాలు, తెగల పరిశోధకులకు 2005-06లో రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్‌ను ప్రవేశపెట్టారు. మైనారిటీ వర్గాల కోసం 2009లో వచ్చిన మౌలానా ఆజాద్‌ జాతీయ ఫెలోషిప్‌ను ఇతర పథకాలతో కలగాపులగమవుతున్నదన్న కారణం చూపి 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఒక విద్యార్థికి రెండుచోట్ల భృతి అందడమే లోపమైతే రెండోదాన్ని ఆపడం క్షణాల్లో పని. ఆధార్‌ సంఖ్యతో ముడిపడిన ఈ రోజుల్లో అదేమంత బ్రహ్మవిద్య కాదు. అందుకోసం పథకాన్నే మూసివేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న చందమే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిస్థితి మరింత దయనీయం. నాన్‌-నెట్‌ భృతి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం గనుక ఉస్మానియాలోనో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో, కాకతీయలోనో, శ్రీ వెంకటేశ్వరలోనో చేరినవారికి జాతీయ ఫెలోషిప్‌ దక్కకపోతే దాదాపుగా దిక్కులేనట్లే. పగలు ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో తాత్కాలిక అధ్యాపకుడిగా పాఠాలు చెప్పి, సాయంత్రం కోచింగ్‌ కేంద్రంలో మరో రెండు గంటలు గొంతు అరగదీసుకుని, రాత్రి పూట సిద్ధాంత వ్యాసానికి కూర్చునేవారు కోకొల్లలు. ఆ వ్యాసాలలో నాణ్యత కొరవడుతున్నదని, నకళ్లు పెరుగుతున్నాయని ఆక్షేపించే పెద్దలు ఈ దినచర్యను ఒక్కసారి గమనించాలి. పరిశోధన దాకా చేర్చే మెట్టు అయిన పీజీ చదువుకూ ఆటంకాలు తక్కువేమీ కావు. 2020 డిసెంబరులో నాటి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 77వ నంబరు ఉత్తర్వు ద్వారా ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు చెల్లింపును నిలిపివేసింది. తెలంగాణలో ఫీజు బకాయిలు కొండలా పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపాయి. ప్రభుత్వాలు ఏ పార్టీవైనా, బకాయిల విషయంలో మాత్రం వాటి మధ్య చక్కని ఏకాభిప్రాయం కుదిరింది!

భృతికి బదులు అప్పు తీసుకోమన్నది కొత్తగా వినవస్తున్న హితవు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద దేశంలోని ప్రముఖ విద్యాసంస్థలలో సీటు దొరికినవారికి పూచీకత్తు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. ఏడున్నర లక్షల దాకా రుణంలో 75 శాతానికి ప్రభుత్వం హామీ ఉంటుంది. ఎనిమిది లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. ఇంజినీరింగు, మేనేజిమెంటు కోర్సులలో చేరినవారికి ఇది అక్కరకు వచ్చేదే. చదువు ముగియగానే జీతం వస్తుంది, కిస్తీలు కట్టవచ్చు. అయిదారేళ్లు శ్రమించి, ఆపై అధ్యాపక నియామకాల కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసే పరిశోధకుడికి అప్పు ఎలా తీరుతుంది? గిరిజన భాషల మీదనో, చేనేత కార్మికుల జీవితాల మీదనో పరిశోధన చేసినవారి ఫలితం దేశమంతటికీ చెందుతుంది. అప్పు మాత్రం వారి ఒక్కరి నెత్తిన ఉంటుంది. లాభం అందరిదీ, నష్టం ఒకరిదీ అయ్యే చోట రుణం న్యాయమైన మార్గం కాదు.

తెలుగు కుటుంబాలకు రుణభారమంటే ఏమిటో విదేశీ చదువుల పుణ్యమా అని బాగానే అనుభవంలోకి వచ్చింది. 2023-24లో అమెరికాలో చదివిన 3.31 లక్షల భారతీయ విద్యార్థులలో 1.96 లక్షల మంది పీజీ, పీహెచ్‌డీ స్థాయివారే. అక్కడ పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణంగా ఫీజు మినహాయించి, బోధన సహాయకులుగానో పరిశోధన సహాయకులుగానో పని ఇచ్చి నెలనెలా జీతం చెల్లిస్తారు. మాస్టర్స్‌కు వెళ్లేవారిలో అధికులు పొలమో, ఇల్లో తాకట్టు పెట్టి అప్పు చేసినవారే. పరిశోధకుడిని ఉద్యోగిగా చూసే ఆ పద్ధతి వల్లనే అమెరికా దశాబ్దాలుగా ప్రపంచ మేధను ఆకర్షించింది. 2025లో అక్కడి ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టడంతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను కుదించుకున్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించారు. ఆ దారి ఇరుకైనప్పుడు స్వదేశంలోనే పరిశోధనకు పూనుకునేవారు పెరుగుతారు. వారిని నిలుపుకొనే సదవకాశం ఇది. ఎనిమిది వేలు చేతిలో పెట్టి ఉండిపొమ్మంటే ఎవరుంటారు?

నిధులు లేవన్న వాదన ఎంతమాత్రం నిలవదు. పరిశోధన, అభివృద్ధిపై దేశం వెచ్చిస్తున్నది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమేనని, చైనా రెండు శాతానికి మించి ఖర్చు చేస్తున్నదని ప్రభుత్వ పెద్దలే పలుమార్లు అంగీకరించారు. ఆ లోటు పూడ్చేందుకంటూ 2023లో జాతీయ పరిశోధన ప్రతిష్ఠానానికి చట్టం తెచ్చారు. ప్రైవేటు రంగ పరిశోధనకు స్వల్ప వడ్డీకి లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక నిధులు సమకూర్చేందుకు లక్ష కోట్ల రూపాయల పథకాన్ని 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. పరిశ్రమలకు చేయూతనివ్వడాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ పరిశ్రమల ప్రయోగశాలలలో రేపు పనిచేయవలసినవారు ఈనాటి పరిశోధక విద్యార్థులే. మొక్కకు నీరు పోయకుండా పండ్ల బుట్టలు సిద్ధం చేసుకోవడం వివేకమనిపించుకోదు.

ప్రభుత్వం చేయవలసిన పనులు అలవికానివేమీ కావు. కేంద్రోద్యోగుల కరవు భత్యంతో ఫెలోషిప్పులను ముడిపెడితే నాలుగైదేళ్లకోసారి వీధికెక్కవలసిన అగత్యం పరిశోధకులకు తప్పుతుంది. నాన్‌-నెట్‌ భృతిని తక్షణం గౌరవప్రదమైన స్థాయికి పెంచి, ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు పంచుకునే పద్ధతిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ విస్తరింపజేయాలి. విశ్వవిద్యాలయ సిబ్బంది జీతాలు పడే రోజునే పరిశోధకుల ఖాతాలలోనూ భృతి జమ కావాలి. కార్యాలయ జాప్యం వల్ల ఆగిన సొమ్మును విశ్వవిద్యాలయం తన నిధి నుంచి ముందుగా చెల్లించి, ఆనక యుజిసి నుంచి రాబట్టుకునే ఏర్పాటు చేస్తే గుమాస్తా నిర్లక్ష్యానికి విద్యార్థి పస్తులుండే దుస్థితి తొలగుతుంది. 2022 నాటి యుజిసి నిబంధనల మేరకు పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు, మహిళలకు, దివ్యాంగులకు మరో రెండేళ్ల సడలింపు ఉన్నాయి. జూనియర్‌, సీనియర్‌ ఫెలోషిప్పులు మాత్రం కలిపి అయిదేళ్లకే ముగిసిపోతాయి. బిడ్డను కని తిరిగి పరిశోధనకు వచ్చిన తల్లికి సిద్ధాంత వ్యాసం రాసే కీలక దశలోనే చేయి ఖాళీ అవుతున్నది. గడువు ఇచ్చి భృతి ఇవ్వకపోవడం విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడం వంటిదే.

పరిశోధన కలిగినింటి బిడ్డల వ్యాపకంగా మారితే నష్టపోయేది పేద విద్యార్థులు మాత్రమే కాదు. ఏ సమస్యలను పరిశోధించాలో, ఎవరి జీవితాలు అధ్యయనానికి నోచుకోవాలో నిర్ణయించేది పరిశోధన చేసేవారే. కరవు సీమ నుంచి వచ్చినవారు భూగర్భ జలాల గురించి అడిగే ప్రశ్న, తండా నుంచి వచ్చినవారు విద్య గురించి అడిగే ప్రశ్న మరొకరికి తట్టకపోవచ్చు. ఆ ప్రశ్న అడిగేవారు మధ్యలోనే చదువు మాని వెళ్లిపోతే దేశం ఆ సమాధానాన్ని శాశ్వతంగా కోల్పోతుంది. ఉపకార వేతనంలో ఉపకారం పొందుతున్నది నిజానికి దేశమే. ఆ సంగతిని గ్రహించి ఏలినవారు ఇకనైనా రెండో మాటకు తగిన విలువనివ్వాలి. వేతనాన్ని వేతనంలాగే, చాలినంతగా, నెల మొదటి తేదీన చెల్లించాలి.